నేల మీదే 140 అడుగులు చూపిన ఆల్టిమీటర్

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. వేరే ఊరిలో పైలట్ శిక్షణ తీసుకుంటున్నాను. ఇటీవల మా శిక్షకుడితో కలిసి ఒంటి ఇంజిను చిన్న విమానంలో విశాఖ వచ్చాను. ఉదయం పది గంటలకు దిగాము. టవర్ ఇచ్చిన క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన అప్పటి గాలి ఒత్తిడి, హెక్టోపాస్కల్‌లలో) 1006 మీద ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) సరిగ్గానే ఉంది. సాయంత్రం నాలుగింటికి సామాను కోసం వెళ్లి చూస్తే, ఆ అంకెను మార్చే నాబ్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా ముల్లు 90 అడుగులు పైకి పోయింది. ఆ రాత్రి నుంచి ఎడతెరిపి లేని వాన. విమానం ఆరుబయటే ఉంది. మూడో రోజు ఉదయం టవర్ 1004 ఇచ్చింది. అదే పెడితే ముల్లు నేల మీదే 140 అడుగులు ఎక్కువ చూపింది. సార్ నాబ్ తిప్పి ముల్లును కిందికి దించి, "ఇక్కడి వేడికి, తేమకు ఇంతే, సరిపోయింది" అన్నారు. ఒత్తిడి అంకె చూపే చిన్న కిటికీలో 999 కనిపించింది. పైకి ఎక్కుతుంటే ముల్లు కాసేపు ఆగడం, ఒక్కసారిగా దూకడం చేసింది. ఎక్కే, దిగే వేగాన్ని చూపే వర్టికల్ స్పీడ్ ముల్లు కూడా అలాగే తడబడింది. క్షేమంగానే చేరుకున్నాము. లోపం ఎక్కడుంది? నేను స్నాగ్ (విమానం పుస్తకంలో లోపం నమోదు) రాయవలసి ఉందా? రాస్తే సార్ తప్పు పట్టినట్టు అవుతుందేమోనని ఊరుకున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేరు సంగతులు ఉన్నాయి. మొదటి రోజు సాయంత్రం 90 అడుగులు ఎక్కిన ముల్లుకు ఏ రోగమూ లేదు. మూడో రోజు ఉదయం 140 చూపిన ముల్లు మాత్రం రోగం ఉందని అరిచి చెప్పింది. మీ సార్ రెండింటినీ ఒకే గాటన కట్టేశారు.

ముందు ఆ సాయంత్రం సంగతి తేల్చేద్దాం. ఆల్టిమీటర్‌కు ఎత్తు తెలియదు, గాలి ఒత్తిడి ఒక్కటే తెలుసు. లోపల గాలి తీసేసి మూసిన పలుచని లోహపు డబ్బీలు ఉంటాయి. చుట్టూ ఒత్తిడి తగ్గితే ఉబ్బుతాయి, పెరిగితే అణుగుతాయి. ఆ వెంట్రుకవాసి కదలికను పళ్లచక్రాలు పెంచి ముల్లుకు అందిస్తాయి. సముద్రమట్టం దగ్గర ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గితే ముల్లు సుమారు 27 అడుగులు ఎక్కుతుంది. విమానం పైకి వెళ్లినందువల్ల తగ్గిందా, నిలబడ్డ చోటే గాలి మారి తగ్గిందా అన్న విచక్షణ దానికి లేదు.

మనలాంటి ఉష్ణమండలపు తీరాల్లో సముద్రానికే కాదు, గాలికీ ఆటుపోట్లు ఉన్నాయి. ఒత్తిడి రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతాల్లో ఎక్కువ. తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువ. సముద్రంలో ఆ పని ముఖ్యంగా చంద్రుడు చేస్తే, గాలిలో సూర్యుడి వేడి చేస్తుంది. ఉదయం నుంచి సాయంత్రానికి మూడు నాలుగు హెక్టోపాస్కల్‌ల తేడా మామూలే. మీరు ఎవరో చెప్పినట్టు సరిగ్గా పదింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి చూశారు! 90 అడుగులు రాకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

విశాఖలో సంక్రాంతి రోజుల్లో ఒత్తిడి 1014 ప్రాంతంలో, ఆషాఢంలో 1001 ప్రాంతంలో ఉంటుంది. జనవరిలో పెట్టిన అంకెను జూలై దాకా ముట్టుకోకపోతే ముల్లు తనంతట తానే 350 అడుగులు ఎక్కేస్తుంది. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన తీరాన్ని దాటినప్పుడు తుపాను కేంద్రంలో ఒత్తిడి 950కి పడిపోయిందని అంచనా. ఆ కేంద్రం కింద, 1013 మీద వదిలేసిన ఆల్టిమీటర్ ఒకటి ఉండి ఉంటే, నేల మీద కూర్చునే 1,700 అడుగులు దాటి చూపేది. ఆ రోజు విమానాశ్రయం కప్పే నిలవలేదు, ముల్లును ఎవరు చూస్తారు లెండి.

ఇక మూడో రోజు. తేడా ఇక్కడే చూడండి. మొదటి రోజు సాయంత్రం మీరు పాత అంకె మీద చూశారు. మూడో రోజు అప్పటికప్పుడు టవర్ ఇచ్చిన అంకె పెట్టి చూశారు. కొత్త అంకె పెట్టిన తరువాత వాతావరణం మీద నెపం వేయడానికి వీలు లేదు, ఆ మార్పు అంతా అంకెలోనే వచ్చేసింది. టవర్ వారు దశాంశాన్ని వదిలేసి కింది పూర్ణాంకం చెబుతారు కాబట్టి మహా అయితే 27 అడుగుల లోపు తేడా రావచ్చు. ఆగి ఉన్న చోటి ఎత్తుకూ ముల్లు చూపేదానికీ మధ్య తేడా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో లెక్కలో 60 అడుగులు, అమెరికా వారి లెక్కలో 75 అడుగులు మించకూడదు. ఏ లెక్కలో చూసినా 140 గట్టు దాటింది.

"వేడికి ఇంతే" అన్న మాట కూడా ఇక్కడ చెల్లదు. వేడి వల్ల ఆల్టిమీటర్ తప్పడం నిజమే. ప్రామాణికమైన 15 డిగ్రీల కంటే గాలి వేడిగా ఉంటే విమానం ముల్లు చూపేదానికంటే కొంచెం ఎక్కువ ఎత్తులో ఉంటుంది, పది డిగ్రీలకు నూటికి నాలుగు చొప్పున. కానీ ఆ తప్పు నేల నుంచి ఎంత ఎత్తుకు వెళ్లారో దాన్ని బట్టి పెరుగుతుంది. నేల మీద దాని విలువ సున్నా. రోహిణి కార్తె మధ్యాహ్నమైనా సరే సున్నాయే.

సరే, లోపం ఉంది. ఎక్కడ? ఉండగలిగిన చోట్లు మూడు: విమానం ఒంటి మీద బయటి గాలిని తీసుకునే స్టాటిక్ పోర్ట్ అనే చిన్న రంధ్రం, అక్కడి నుంచి పరికరాల దాకా వచ్చే గొట్టం, చివర ఆల్టిమీటర్ డబ్బా. నేను చాలా ఏళ్లు ఇన్‌స్ట్రుమెంట్ షాపులో కూర్చుని ఈ డబ్బాలు విప్పినవాణ్ణి. విమానం ఎదుట లేకుండా రోగం చెప్పడం వైద్యుడు ఫోనులో నాడి చూడటం లాంటిదే. అయినా మీరు రాసిన మూడు నాలుగు ముక్కలే చాలా చెబుతున్నాయి.

వర్టికల్ స్పీడ్ ముల్లు కూడా తడబడిందన్నారు. అది వేరే డబ్బా, వేరే యంత్రాంగం. ఆల్టిమీటర్‌తో దానికున్న చుట్టరికం గొట్టం ఒక్కటే. ఇద్దరికీ ఒకేసారి వాంతులు పట్టుకుంటే తాగిన నీళ్లను అనుమానించాలి కదా. కాబట్టి డబ్బాను పక్కన పెట్టండి.

ఇప్పుడు మీరు రాయని ముక్క: వేగం ముల్లు. అది కూడా అదే స్టాటిక్ గాలిని వాడుకుంటుంది, ఎదురు నుంచి వచ్చే గాలి ఒత్తిడిని దానితో పోల్చి వేగం చూపుతుంది. సార్ నాబ్‌ను 1004 నుంచి 999కి తిప్పారు, అంటే గొట్టంలో ఒత్తిడి బయటికంటే అయిదు హెక్టోపాస్కల్‌లు తక్కువగా ఉంది. మొత్తం లైనులో ఆ తరుగు ఉంటే, ఆగి ఉన్న విమానంలోనే వేగం ముల్లు సుమారు 55 నాట్లు చూపాలి. ఇంజిను వేయకముందే 55 నాట్లు కనిపిస్తే మీరిద్దరూ కళ్లు నులుముకునేవారు, మీ ఉత్తరం ఆ వింతతోనే మొదలయ్యేది. మీరు రాయలేదంటే అది సరిగ్గానే ఉండి ఉంటుంది. అంటే పోర్ట్ దగ్గర అడ్డు లేదు. వేగం మీటరుకు పాయ విడిపోయిన తరువాత, ఆల్టిమీటర్ వైపు వెళ్లే కొమ్మలో ఎక్కడో అడ్డు ఉంది. గొట్టాల అమరిక విమానాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఏ మలుపు అన్నది మీ ఏఎమ్ఈ (విమాన నిర్వహణ ఇంజినీరు) చెప్పాలి.

ఆ అడ్డు నీళ్లేనని నా నమ్మకం. కారణం చెబుతాను. ఒక సెంటీమీటరు ఎత్తు నీటి స్తంభం దాదాపు ఒక హెక్టోపాస్కల్ ఒత్తిడిని ఆపుతుంది. మీకు వచ్చిన తేడా అయిదు. గొట్టం కిందికి వంగి పైకి లేచే చోట నీరు చేరి, రెండు వైపులా మట్టాల మధ్య అయిదు సెంటీమీటర్ల తేడా ఉంటే ముల్లు 135 అడుగులు తప్పుతుంది. బొటనవేలంత నీటికి అంత పని! వాన నీరు పోర్ట్‌లో నుంచి ఒకేసారి అంత దూరం పోకపోవచ్చు. కానీ సముద్రపు తేమలో నెలల తరబడి తిరిగిన గొట్టంలో ముందే కొంత చెమ్మ పేరుకుని ఉంటుంది, వాన దానికి తోడవుతుంది. పగలు ఎండకు డబ్బాలోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది. ఇలా విమానం రోజూ ఊపిరి తీసి వదులుతూనే ఉంటుంది. నీటి వెనక చిక్కుకున్న గాలి ఒకటిన్నర డిగ్రీ చల్లబడితే చాలు, అయిదు హెక్టోపాస్కల్‌లు తగ్గడానికి. రెండు రోజుల వానకు విమానం ఎన్ని డిగ్రీలు చల్లబడి ఉంటుందో మీరే ఊహించండి.

ఎక్కేటప్పుడు ముల్లు ఆగి ఆగి దూకడానికీ ఇదే సమాధానం. విమానం ఎక్కుతుంటే బయటి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి బయటికి పోవాలి. దారిలో నీళ్లు. ఒత్తిడి పోగయ్యేదాకా ఆగి, ఒక బుడగ గుబుక్కున దాటుతుంది. ముల్లు దూకుతుంది. మళ్లీ ఆగుతుంది. హుక్కాలో గుడగుడ వినిపించే పద్ధతే ఇది. ఎక్కేటప్పుడు ముల్లు అసలు ఎత్తు కంటే వెనకబడుతుంది, అది అంత ప్రమాదం కాదు. దిగేటప్పుడు మాత్రం గాలి లోపలికి రావడం ఆలస్యమై, మీరు నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు చూపుతుంది. సింహాచలం కొండలు ఒక పక్క, యారాడ కొండలు మరో పక్క ఉన్న ఊరికి మబ్బులో దిగుతూ అలాంటి ముల్లును నమ్మితే ఏమవుతుందో నేను రాయనక్కరలేదు.

అందుకే సార్ నాబ్ తిప్పడం నాకు నచ్చలేదు. ఆ చిన్న కిటికీని ఆల్టిమీటర్‌లో పెట్టినది పాల్ కోల్స్‌మన్, 1928లో. మరుసటి ఏడాది సెప్టెంబరు 24న అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్‌కు ముసుగు వేసుకుని, బయటికి చూడకుండా, పరికరాల మీదే ఎక్కి తిరిగి దిగాడు. అతని ముందున్న వాటిలో కోల్స్‌మన్ ఆల్టిమీటర్ ఒకటి. టవర్ చెప్పిన ఒత్తిడిని కిటికీలో పెట్టి, ముల్లు ఎక్కడికి వస్తుందో చూడటం ఆ పరికరానికి మనం పెట్టే పరీక్ష. ముల్లు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకుని కిటికీలో అంకె మార్చడమంటే, జవాబు చూసి లెక్క చేయడం. అంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటుంది. మామూలు స్థిరమైన తప్పయితే అయిదు తగ్గిస్తే సరిపోతుంది. నీళ్లు కదులుతాయి కాబట్టి ఆ తప్పు కూడా కదులుతుంది. నేల మీద సరిచేసిన అయిదు గాలిలో మూడో, ఏడో అవుతుంది.

ఆ ఉదయం అక్కడే ఏం చేయవచ్చు? ముందుగా వేలి కొనతో అద్దం మీద మెల్లగా తట్టండి. పళ్లచక్రాల రాపిడి వల్ల ముల్లు పట్టుకుని ఉంటే కదులుతుంది. ఇంజిను తిరుగుతున్నప్పుడు ఆ అదురు దానంతట అదే వస్తుంది. తరువాత నాబ్‌ను పది హెక్టోపాస్కల్‌లు పెంచి చూడండి. ముల్లు 270 అడుగులకు అటూ ఇటూగా ఎక్కాలి, తిరిగి తెస్తే మొదటి చోటికే రావాలి. రాకపోతే లోపల స్క్రూ జారింది. మీ విమానంలో ఆల్టర్నేట్ స్టాటిక్ మీట (పోర్ట్‌కు బదులు కాక్‌పిట్ లోపలి గాలిని గొట్టానికి అందించేది) ఉంటే, ఇంజిను ఆపి, తలుపులు తెరిచి, దాన్ని లాగండి. పోర్ట్‌లోనో మొదటి గొట్టంలోనో అడ్డు ఉంటే ముల్లు వెంటనే సరైన చోటికి వస్తుంది. మీ విషయంలో మాత్రం నేను ఊహించినట్టు నీరు కొమ్మలో ఉంటే ఈ మీట ఉపయోగపడదు, గాలి ఎటు నుంచి వచ్చినా ఆ నీటిని దాటే రావాలి. మీట లాగినా ముల్లు కదలలేదు కాబట్టి డబ్బాదే తప్పు అని తేల్చేస్తారేమో, జాగ్రత్త.

మీ ఫోనులో బారోమీటర్ ఉంటే అది కూడా పనికొస్తుంది. విశాఖ రన్‌వే సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉంది, అందువల్ల ఫోను చూపే ఒత్తిడికీ టవర్ చెప్పే క్యూఎన్‌హెచ్‌కూ మధ్య ఒకటికి మించి తేడా రాకూడదు. ఫోను 1004 దగ్గర చూపి కిటికీలో 999 ఉంటే అబద్ధం ఎవరిదో తేలిపోతుంది. ఇది మీ మనశ్శాంతికే గాని విమానం నడపడానికి ఆధారం కాదు. ఫోనులో జీపీఎస్ ఎత్తును మాత్రం దీనికి వాడకండి. జీపీఎస్ మొదట కొలిచేది లెక్కకోసం ఊహించిన, ధ్రువాల దగ్గర కాస్త అణిగిన నున్నటి బంతి ఆకారపు భూమి నుంచి. మన ప్రాంతంలో అసలు సముద్రమట్టం ఆ ఊహా తలం కంటే పదుల మీటర్లు పల్లంలో ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన ఆ పల్లం సుమారు 106 మీటర్లు, ప్రపంచంలోకెల్లా లోతు. సవరణ చేయని యాప్ చూసుకుంటే ఆర్కే బీచ్ ఇసుక మీద నిలబడినవారు నీళ్లలో మునిగిపోయి ఉండాలి.

గాలిలో ఉండగా అనుమానం వస్తే చాలామంది రాడార్‌లో మా ఎత్తు ఎంత కనిపిస్తోందని కంట్రోలర్‌ను అడుగుతారు. దిశకు, దూరానికి అది మంచిదే. ఎత్తుకు మాత్రం వల. కంట్రోలర్ తెర మీద కనిపించే ఎత్తు రాడార్ కొలిచింది కాదు, మీ విమానమే ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబు పంపే పరికరం) ద్వారా పంపింది. ఆ అంకె సాధారణంగా అదే స్టాటిక్ గొట్టం నుంచి పుడుతుంది. 1996 అక్టోబరు 2 రాత్రి పెరూ రాజధాని లీమా నుంచి బయలుదేరిన ఏరోపెరూ సంస్థ బోయింగ్ 757 స్టాటిక్ పోర్ట్‌ల మీద, విమానాన్ని శుభ్రం చేసేటప్పుడు అంటించిన టేపు తీయలేదు. సముద్రాన్ని తాకే వేళకు కూడా పైలట్ల ముందున్న ఆల్టిమీటర్, కంట్రోలర్ చెప్పిన మాట రెండూ 9,700 అడుగులనే అంటున్నాయి. రెండు సాక్ష్యాలు కలిశాయి, ఎందుకంటే రెండూ ఒకే నోట వచ్చాయి. డెబ్బై మంది పోయారు.

చేయకూడని పని ఒకటి గట్టిగా చెబుతాను. పోర్ట్‌లో నోటితో ఊదకండి. గుండుసూది పెట్టి పొడవకండి. నేను చూసిన ఒక విమానంలో ఎవరో ఉత్సాహవంతుడు టైర్లకు గాలి కొట్టే పంపు తెచ్చి పోర్ట్‌లో కొట్టాడు. వర్టికల్ స్పీడ్ ముల్లు కొస దాకా పోయి అక్కడే ఉండిపోయింది. లోపలి డబ్బీ సాగిపోయింది, మళ్లీ మామూలు కాలేదు. సూదితో పొడిస్తే రంధ్రం అంచు దెబ్బతిని, అక్కడ గాలి ఒరవడి మారి, కొత్త తప్పు పుడుతుంది. ఆ నష్టాన్ని సరిచేయడం మరీ కష్టం. ఏఎమ్ఈ అయితే ముందు పరికరాలన్నిటి నుంచి గొట్టాలు విప్పి, లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టి ఆరబెడతారు. మళ్లీ బిగించాక లీకు పరీక్ష చేయాలి. అమెరికా నిబంధనల్లో చిన్న విమానాలకు చెప్పే పద్ధతి ఇది: గొట్టంలో గాలి లాగి ముల్లును నేల ఎత్తు కంటే వెయ్యి అడుగులు పైకి తీసుకెళ్లి వదిలేస్తారు. ఒక నిమిషంలో ముల్లు 100 అడుగుల కంటే ఎక్కువ దిగకూడదు. నీళ్లు తీసే హడావిడిలో ఒక కీలు సరిగా బిగించకపోతే పాత తప్పు పోయి కొత్తది వస్తుంది. ఆ పరీక్ష చేశారా అని అడగడానికి మొహమాటపడకండి.

ఇక స్నాగ్. రాయవలసింది. ఇప్పటికైనా రాయాలి, ఎందుకంటే ఆ విమానంలో రేపు మరో శిక్షణార్థి ఒంటరిగా ఎక్కవచ్చు. నీళ్లు ఆరిపోతే నేల మీద అంతా సరిగ్గా కనిపిస్తుంది, తరువాతి వాన దాకా ఎవరికీ గుర్తుండదు. సార్ కోపం సంగతి: స్నాగ్ పుస్తకంలో మనుషుల ప్రస్తావన ఉండదు. "సార్ నాబ్ తిప్పారు" అని రాయకండి, అది ఫిర్యాదు. చూసింది మాత్రమే రాయండి. రాసేముందు ఆయనకు చూపించి, "సార్, టవర్ అంకెకూ కిటికీలో అంకెకూ అయిదు తేడా వచ్చింది. వర్టికల్ స్పీడ్ కూడా ఆగి ఆగి కదిలింది కాబట్టి రాస్తున్నాను, ఒకసారి చూడండి" అనండి. వేల గంటలు ఎగిరినవారికి కూడా తొందరలో చేయి నాబ్ మీదికి పోతుంది. చాలామంది ఆ మాట విని సంతకం పెట్టేస్తారు. పెట్టకపోతే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. ఎలాగూ ఆ తలుపు దాకా పోవలసి రాదు.

ఇలా రాస్తే సరిపోతుంది: "రెండు రోజులు వానలో ఆరుబయట నిలిపిన తరువాత, ఆగి ఉన్న విమానంలో క్యూఎన్‌హెచ్ 1004 మీద ఆల్టిమీటర్ 140 అడుగులు ఎక్కువ చూపింది. ఎక్కేటప్పుడు ఆల్టిమీటర్, వర్టికల్ స్పీడ్ రెండూ ఆగి ఆగి కదిలాయి. స్టాటిక్ లైనులో నీరు ఉందేమో పరిశీలించవలెను." వేగం ముల్లు ఎలా ఉందో మీకు ఏమాత్రం గుర్తొచ్చినా ఒక వాక్యం చేర్చండి, ఏఎమ్ఈకి సగం పని తగ్గుతుంది.

వీలైతే గొట్టం విప్పే రోజు అక్కడే ఉండండి. నీళ్లు వస్తే అవి ఏ వంపులో నుంచి వచ్చాయో, ఎంత వచ్చాయో చూడండి. నీరు రాకపోతే, లేదా వేగం ముల్లు కూడా తప్పిందని తేలితే, నా లెక్క తప్పింది. నాకు మళ్లీ రాయండి, పోర్ట్ దగ్గర నుంచి కొత్తగా మొదలుపెడదాం.